పదకొండు కంచాలు

రేవుపేట చర్చి యువజన సంఘానికి నాయకుడైన నతానియేలు అందరికీ పెట్టేవాడే గానీ, ఎవరి దగ్గరా గుక్కెడు మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవాడు కాదు.

అతను కరెంటు పని చేసేవాడు. చర్చి వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. ఎవరింట్లో ఫ్యాను ఆగిపోయినా పరుగున వెళ్ళేవాడు. బాగుచేసి, ఇల్లాలు టీ కాచి తెచ్చేలోపే వీధి మలుపు దాటేవాడు. "మనం ఎవరికీ భారం కాకూడదు" అన్నది అతని మాట. వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. నాకూ చాలాకాలం గొప్పగానే అనిపించింది.

ఆ మాట వెనక ఒక చొక్కా ఉంది. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒకావిడ అతనికి తన కొడుకు పాత చొక్కా ఇచ్చింది. పండగ రోజున నలుగురి ముందూ ఆ కాలరు పట్టుకుని, "ఇది మావాడిదే, చూశారా ఎంత బాగా సరిపోయిందో!" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. కానీ పదేళ్ళ నతానియేలుకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. ఇక జన్మలో ఎవరి దగ్గరా ఏదీ తీసుకోకూడదని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ప్రతి ఏడూ మే నెలలో యువజన సంఘం పిల్లలు చుట్టుపక్కల పల్లెల్లో దిక్కులేనివాళ్ళ ఇళ్ళు బాగుచేసేవారు. కూలిన గోడ లేపేవారు, కారే కప్పు మార్చేవారు. పని కష్టమైనా పాటలు పాడుకుంటూ చేసేవారు. ఒక ఏడు ఒక ఇంట్లో వీళ్ళంతా కలిసి, ఆ ఇల్లాలు దూరం నుంచి మోసుకొచ్చిన రెండు బిందెల నీళ్ళూ మధ్యాహ్నానికే తాగేశారు. పాపం ఆమె మళ్ళీ ఎండలో బోరింగు దగ్గరికి నడిచింది. అది చూసిన నతానియేలు అప్పటికప్పుడు ఒక రూలు పెట్టాడు. పనిచేసే ఇంట్లో ఎవరూ ఏమీ ముట్టకూడదు. క్యారేజీ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నీళ్ళ క్యాను కూడా మనమే మోసుకెళ్ళాలి. రూలు మంచిదేనని పాస్టరుగారితో సహా అందరూ మెచ్చుకున్నారు.

ఆ మరుసటి ఏడు మొదటి ఇల్లు ఇస్సాకు తాతది.

ఇస్సాకు తాత ఉప్పు కొటార్లలో, అంటే సముద్రపు నీళ్ళు ఎండగట్టి ఉప్పు తీసే మళ్ళలో, నలభై ఏళ్ళు పనిచేసి మానేసినవాడు. కొటార్ల పక్కనే చిన్న మట్టి ఇల్లు, పైన తాటాకు కప్పు. పిల్లలు లేరు. భార్య సువార్తమ్మ పోయి నాలుగేళ్ళయింది. అప్పటి నుంచి ఆ గుమ్మం తొక్కినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆకు కుళ్ళిపోయి రెండు వానాకాలాలుగా ఇల్లు కారుతోంది.

శనివారం పొద్దున్నే పదకొండు మంది వచ్చి దిగేసరికి తాతకి కాళ్ళు నిలవలేదు. ఒక్కొక్కరి పేరూ అడిగాడు. మర్చిపోయి మళ్ళీ అడిగాడు. తర్వాత అందర్నీ లోపలికి పిలిచి పడమటి గోడ చూపించాడు.

"ఈ గోడ మా ఆవిడ మెత్తింది నాయనా. ఇటు చూడండి, దాని వేళ్ళు."

మట్టి మీద ఒంపులు తిరిగిన చారలు ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ కిందట ఒక ఆడమనిషి అరచేత్తో అలికినప్పుడు పడిన గుర్తులు. తాత మంచం ఆ గోడకేసే తిప్పి ఉంది.

"పోటో లేదు దానిది. ఎప్పుడూ తీయించలా. ఇదే నాకు పోటో. వాన పడేలోపు కప్పు పడితే చాలు, ఈ గోడ నిలబడుద్ది" అన్నాడు తాత.

"రెండు రోజుల పని తాతా. కప్పేసి ఇస్తాం" అని మాటిచ్చాడు నతానియేలు.

పిల్లలు పైకెక్కి కుళ్ళిన ఆకు దించడం మొదలుపెట్టారు. తాత కింద కాసేపు తిరిగి, ఇరుగింటికీ పొరుగింటికీ వెళ్ళొచ్చాడు. పెరట్లో పొయ్యి వెలిగించాడు. పన్నెండు దాటేసరికి మసాలా వాసన వాసాల దాకా వచ్చింది. పైన ఉన్నవాళ్ళకి పని మీద మనసు నిలవడం కష్టమైపోయింది, అబద్ధమెందుకు!

ఒంటిగంటకి నతానియేలు ఈల వేశాడు. అందరూ దిగారు. పంచలో చాప మీద పదకొండు కంచాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకటి స్టీలుది, ఒకటి సత్తుది, ఒకదానికి అంచు సొట్ట. ఏ రెండూ ఒక్కలా లేవు. ఆ సత్తుది తప్ప అన్నీ అడిగి తెచ్చినవి. తాత భుజం మీద తువ్వాలు సర్దుకుంటూ, "కాళ్ళు కడుక్కోండి నాయనా, కూర్చోండి" అన్నాడు.

నతానియేలు చేతులు జోడించాడు. "వద్దు తాతా. మాకు రూలు ఉంది. మీకు శ్రమ ఇవ్వకూడదు. మేం క్యారేజీలు తెచ్చుకున్నాం."

"శ్రమేంది? ఉన్న ఒక్క కోడిపెట్టని కోశా మీకోసం."

"మీరే తినండి తాతా. రేపటికి కూడా వస్తుంది."

సంఘంలో చిన్నదైన కెజియా అతని పక్కకి వచ్చి మెల్లగా, "అన్నా, తలా ఒక ముద్ద తిందాం. పాపం ఎంత ఆశగా వండాడో" అంది.

"ఈ ఇంట్లో ఒక ముద్ద తింటే రేపు ఇంకో ఇంటివాళ్ళు తమకి లేకపోయినా వండుతారు. రూలు రూలే" అన్నాడు నతానియేలు.

అందరూ క్యారేజీలు పట్టుకుని కాలవ గట్టు మీదికి వెళ్ళారు. వెనక్కి తిరిగి చూసింది కెజియా ఒక్కతే. తాత కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటున్నాడు.

సాయంత్రానికి కుళ్ళిన ఆకంతా దిగింది. విరిగిన వాసాలు మార్చారు. పైన పెద్ద టార్పాలిన్ కప్పి, కొత్త తాటాకు మోపులు పెరట్లో దించి, సోమవారం వస్తామని చెప్పి వెళ్ళారు. తాత పొద్దున అడిగిన పేర్లలో ఒక్కటి కూడా మళ్ళీ పిలవలేదు.

సోమవారం వచ్చేసరికి పంచలో మళ్ళీ అవే పదకొండు కంచాలు. ఈసారి కోడి లేదు. వేడన్నం, ఎండుచేపల పులుసు. తాత నిచ్చెనకి అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు తినండి. తర్వాత ఎక్కండి" అన్నాడు.

"తాతా, మేం ఏమీ ఆశించకుండా చేస్తున్నాం."

"అదే నాయనా నా బాధ. ఏమీ ఆశించనోడికి నాతో పనేముంది? నా దగ్గర ఎందుకు కూర్చుంటాడు?" తాత నిచ్చెన వదల్లేదు. "ఆ రోజుల్లో కొటారు ఆసాములు నేను తీసిన ఉప్పు బళ్ళకెత్తుకుని పోయేవాళ్ళు. నా కుండలో నీళ్ళు మాత్రం ముట్టేవాళ్ళు కారు. అడిగితే, అది మా రూలురా అనేవాళ్ళు. మీరు మనోళ్ళు, మన చర్చి పిల్లలు. మీకూ ఒక రూలుందని ఇప్పుడు తెలిసింది."

ఆ మాటకి పిల్లలందరూ తలలు దించుకున్నారు. నతానియేలు ముఖం ఎర్రబడింది. తన రూలుని, మనుషుల్ని దూరం పెట్టేవాళ్ళ రూలుతో పోల్చాడే అని రోషం వచ్చింది. నిజానికి అక్కడే కూర్చుని ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే అరనిమిషంలో తీరిపోయేది. రోషం వచ్చినవాడికి అరనిమిషం ఎక్కడ దొరుకుతుంది?

"వద్దంటే బలవంతంగా కప్పలేం తాతా. మనసు మారితే కబురు పెట్టండి" అన్నాడు. అందర్నీ వెంటబెట్టుకుని పక్క ఊళ్ళో ఇంకో ఇంటి పనికి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ముసలాయన దిగొస్తాడని అనుకున్నాడు. తాతేమో వాళ్ళే తిరిగొచ్చి, తిని ఎక్కుతారని పొద్దుగూకేదాకా చూశాడు. ఇద్దరిలో ఎవరూ కబురు పెట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి పడమటి దిక్కున మబ్బు లేచింది. ముందు ఈదురుగాలి, వెంటనే వడగళ్ళు. ఇంకో ఇంటి పని మీద ఉన్న నతానియేలుకి తాత గోడ గుర్తొచ్చింది. బైకు తీసుకుని ఆ వానలోనే ఆరు కిలోమీటర్లు వెళ్ళాడు.

టార్పాలిన్ ఎగిరిపోయి కొటార్ల మడిలో పడి ఉంది. ఇల్లంతా ఆకాశానికి తెరిచి ఉంది. పడమటి గోడ ఉన్నచోట మోకాలెత్తు బురద కుప్ప ఉంది. తాత మంచం మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. గుప్పిట్లో తడి మట్టి పట్టుకుని ఉన్నాడు.

"తాతా" అన్నాడు నతానియేలు.

తాత తిట్టలేదు. తిడితే బాగుండేది. తలెత్తి చూడను కూడా చూడలేదు. నతానియేలు టార్పాలిన్ తెచ్చి మళ్ళీ కట్టి, తడిసిన బట్టలతోనే ఇంటికి చేరాడు.

బుధవారం నుంచి అతనికి జ్వరం. లేవలేకపోయాడు. మంచం మీది నుంచి గది తలుపు చూస్తూ పడుకున్నాడు. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? అంతకు ముందేడు కాలు బెణికినప్పుడు కెజియా వాళ్ళమ్మ సూపు పంపితే, మూత తియ్యకుండానే తిప్పి పంపాడు. పిలవకుండా వస్తే అతనికి నచ్చదని ఊరంతటికీ తెలుసు. ఫోను తీసి పేర్లు చూశాడు. చాలా పేర్లున్నాయి. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో అతను బిగించిన లైట్లే వెలుగుతున్నాయి. ఎవరికి ఫోను చేసినా పరిగెత్తుకొస్తారు. కానీ ఏమని అడగాలి? అడగడం అతనికి చేతకాదు. గురువారం కూడా అలాగే గడిచింది. గదిలో బిస్కెట్ ప్యాకెట్ అయిపోయింది. నీళ్ళు తాగి పడుకున్నాడు.

తనకంటూ కంచం పెట్టి, కూర్చోమని పిలిచిన ఇల్లు ఏదైనా ఉందా అని ఆలోచిస్తే ఒక్కటే గుర్తొచ్చింది. ఆ ఇంటికి ఇప్పుడు గోడ లేదు. అది తలుచుకుని, ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాడు.

శుక్రవారం పొద్దున ఆటో ఎక్కి కొటార్ల దగ్గర దిగాడు. నడుస్తుంటే కాళ్ళు తేలిపోతున్నాయి. తాత పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు.

"మళ్ళీ ఏంది నాయనా?" అన్నాడు తాత.

నతానియేలు తాటాకు మోపు మీద కూర్చున్నాడు.  

"తాతా, ఆకలేస్తోంది. తినడానికేమన్నా ఉందా?"

తాత పొయ్యి ముందు నుంచి తల తిప్పాడు. "నా మనసు కోసం అడుగుతున్నావా?"

"కాదు తాతా. మూడు రోజులుగా జ్వరం. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేవాళ్ళు ఎవరో తెలియలేదు."

తాత లేచి వచ్చి అతని నుదుటి మీద చెయ్యి వేశాడు. ఉప్పులో నలభై ఏళ్ళు మునిగిన చెయ్యి, గరుగ్గా ఉంది. "ఒళ్ళు కాలిపోతా ఉంటే ఇంత దూరం ఎట్టా వచ్చావురా అబ్బాయ్" అని చాప మీద కూర్చోబెట్టాడు. గంజి కాచాడు. ఉప్పు వేసి, చల్లార్చి, సత్తు కంచంలో పోసి ఇచ్చాడు. నతానియేలు రెండు చేతులా పట్టుకుని తాగాడు. కళ్ళు తుడుచుకోవడానికి కంచం దించలేదు.

"గోడ పోయింది నాయనా" అన్నాడు తాత, అతను తాగడం అయ్యాక.

"నావల్లే తాతా."

"నేనూ పంతానికి పోయా. నువ్వొక్కడివే కాదులే." తర్వాత తాత మెల్లగా అన్నాడు, "నాలుగేళ్ళయింది, ఈ ఇంట్లో నేను కాకుండా ఇంకో మనిషి తిని."

ఆ రోజు సాయంత్రం దాకా నతానియేలు అక్కడే పడుకున్నాడు. తాత సువార్తమ్మ కబుర్లు చెబుతుంటే విన్నాడు. ఆవిడ ఎంత గయ్యాళో, ఎంత బాగా పాడేదో అన్నీ విన్నాడు. ఇవే కబుర్లు మొదటి రోజే కూర్చుని విని ఉంటే, కప్పూ పడేది, గోడా మిగిలేది.

వారం తిరక్కుండా సంఘం పిల్లలంతా వచ్చారు. ముందు కూర్చుని తిన్నారు, తర్వాత పైకెక్కారు. ఎండు చేప ముల్లు గొంతులో గుచ్చుకుని ఒకడు దగ్గుతుంటే తాత వీపు తట్టి నవ్వాడు. రెండు రోజుల్లో కప్పు పడింది. పడమటి గోడ కూడా కొత్తగా లేపారు. అందరూ కలిసి మట్టి తొక్కి, మెత్తి, నున్నగా అలికారు. మంచి గోడే. కానీ తాత మంచం మాత్రం ఆ గోడకేసి తిప్పుకోలేదు. గుమ్మంకేసి తిప్పుకున్నాడు. పోయిన చేతి గుర్తులు ఎంతమంది కలిసి మెత్తినా తిరిగి రావు. ఇక ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నతానియేలు భోజనానికి వచ్చే వేళకి, తాత ఆ మంచం మీద కూర్చుని దారి చూస్తుండేవాడు.

నీతి: ఎదుటివాడు ప్రేమతో పెట్టింది పుచ్చుకోవడం కూడా సేవే, పెట్టడమే తప్ప పుచ్చుకోవడం తెలియనివాడు ఎదుటివాణ్ణి చిన్నబుచ్చుతాడు, తానూ ఒంటరివాడవుతాడు.