గొంగడి మీద ఎవరు కూర్చోవాలి

సోమేశానికి వయ్యారిభామతో తగువొచ్చింది.

నవ్వకండి అయ్యలారా. వయ్యారిభామ అంటే మనిషి కాదు, చేలో మొలిచే కలుపు మొక్క. తెల్లటి చిన్న పూలు పూసి, గాలికి తల ఊపుతూ నిలబడుతుంది. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఇల్లూ వాకిలీ వదిలి ఆశ్రమంలో చేరిన బ్రహ్మచారి పొద్దస్తమానం దాని వెంట పడాల్సి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారంటే నవ్వుకోరూ మరి.

దేవరకొండ దిక్కున చింతలమడుగు అని ఒక ఊరు. ఊరి చివర నిర్గుణయ్య స్వామివారి ఆశ్రమం. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. రెండు పెంకుటిళ్ళు, ఒక పొడుగాటి అరుగు, స్వామివారి గురువుగారి సమాధి. ఆ సమాధి దగ్గర ఒక ఆముదం దీపం. ముప్పై ఏళ్ళుగా కొండెక్కని దీపం.

దానికి కావలసిన ఆముదం ఆశ్రమం వెనక మూడెకరాల్లోనే పండాలి. ఆ విషయంలో స్వామివారిది ఒకటే మాట. "మన చెమటతో వచ్చిన చమురే ఆ దీపానికి. కొన్నది వద్దు, అడిగి తెచ్చింది వద్దు."

కిందటేడు చేనంతా కలుపు మింగేసింది. కుండలో మిగిలిన పాత ఆముదం కార్తీకమాసం వెళ్ళేదాకా వస్తుంది. ఆలోగా కొత్త ఆముదం రావాలి, లేదంటే దీపం కొండెక్కాలి. అలాంటి ఏడాది చేనును సోమేశం చేతిలో పెట్టారు స్వామివారు.

సోమేశం ఎవరంటే, పన్నెండేళ్ళుగా ఆశ్రమంలో ప్రసాదం పంచే మనిషి. ఆ చెయ్యికి చుట్టుపక్కల పేరుంది. సోమవారం భజన అయ్యాక శనగ గుగ్గిళ్ళు పెడితే, తాసీల్దారుగారి దోసిట్లోనూ కట్టెలు కొట్టే మైసయ్య దోసిట్లోనూ గింజకు గింజ సరిపోయేది. భేదం చూపని చెయ్యి అని అందరూ అనేవారు. అందరూ అంటుంటే సోమేశం కూడా అనుకోవడం మొదలుపెట్టాడు.

భక్తుడొకాయన రెండు బస్తాల యూరియా తెచ్చి ఇచ్చాడు. సోమేశం అంతకు ముందు ఎవుసం చేసి ఎరగడు. ఒక బస్తా విప్పి, ఒళ్ళో పోసుకుని, గురువుగారిని తలుచుకుని, చేనంతా చల్లాడు. ఆముదం సాళ్ళు మూడడుగుల దూరంలో ఉంటాయి కదా, మొక్క దగ్గరా చల్లాడు, నడుమ ఖాళీ నేలలోనూ చల్లాడు. జానెడు చోటు వదల్లేదు. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే, భేదం చూడొద్దని స్వామివారు రోజూ చెప్పేదేనాయె.

వాన పడింది. పదిరోజుల్లో కలుపు పెళ్ళివారు దిగినట్టు దిగింది. గరిక, తుంగ, గునుగు, అందరికంటే ముందు వయ్యారిభామ. ఆముదం మొక్కలు మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు మధ్యలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి.

సోమేశం పరుగెత్తుకొచ్చాడు. "స్వామీ, నేను ఆముదానికి పెడితే కలుపు తిన్నది."

"ఎట్ల పెట్టినవ్?"

"మీరు చెప్పినట్టే. భేదం లేకుంట."

స్వామివారు గడ్డం నిమురుకున్నారు. "మంచిదే. ఈ సోమవారం గుగ్గిళ్ళు నేను పంచుతా."

సోమవారం వచ్చింది. భజన అయింది. భక్తులు వరసగా దోసిళ్ళు పట్టారు. స్వామివారు గిన్నె చంకన పెట్టుకుని అరుగు మీద నిలబడి, గుప్పిట నిండా గుగ్గిళ్ళు తీసి, వాకిలంతా విసిరారు. ఇటొక గుప్పెడు, అటొక గుప్పెడు, పెంకుల మీద ఒక గుప్పెడు. కోళ్ళు వచ్చాయి. కాకులు వచ్చాయి. వంట చేసే రాజవ్వ మేక గుంజ పీక్కుని వచ్చింది. భక్తుల తలల మీద గింజలున్నాయి గానీ దోసిట్లో లేవు. ఉపవాసమున్న సోమేశం చేతిలో పడింది ఒక్కటే ఒక్క శనగ పొట్టు.

"స్వామీ, ఇదేం పంచుడు?"

"భేదం లేకుంట," అన్నారు స్వామివారు.

అని, గిన్నె అడుగున మిగిలిన గుప్పెడు తీసి, సోమేశం అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు తానే మూశారు.

మర్నాడు పొద్దున సోమేశం చిన్న కర్ర పట్టుకుని చేలోకి వెళ్ళాడు. ప్రతి ఆముదం మొక్క పక్కనా చిన్న గుంట చేసి, చిటికెడు యూరియా వేసి, మట్టి కప్పుకుంటూ పోయాడు. గట్టు మీద నుంచి రాజవ్వ చూసింది.

"ఏందయ్యా, మొక్కమొక్కకు తినిపిస్తున్నవా?"

"అవునవ్వా."

"మాకు ఏనాడన్న ఇంత ప్రేమగ పెట్టినవా?"

ఆముదం తేరుకుంది. ఆకులు విచ్చుకున్నాయి. కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కానీ సాళ్ళ నడుమ మూడడుగుల నేల ఉందే, అది ఊరుకోలేదు.

సోమేశం కలుపంతా పీకాడు. మామూలుగా కాదు, ముగ్గు వేయొచ్చు అన్నంత శుభ్రంగా. సాళ్ళ నడుమ నేల అద్దంలా చేసి, స్వామివారిని చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు.

స్వామివారు గట్టు మీద నిలబడి చూశారు. "మంచిగున్నది. ఎవరి కోసం?"

"ఎవరి కోసమేంది స్వామీ? ఖాళీ."

"ఖాళీనా," అని వెళ్ళిపోయారు.

మళ్ళీ వాన. మళ్ళీ వయ్యారిభామ. మళ్ళీ పీకాడు. మళ్ళీ వాన. మూడోసారి పీకాక సోమేశం వేళ్ళు పగిలాయి, నడుము పట్టేసింది. స్వామివారికి సాష్టాంగం చేయడానికి పడుకున్నవాడు లేవలేక అలాగే పడుకుని మాట్లాడాడు.

"స్వామీ, నేను పీకేదానికంటె అది మొలిచేది ఎక్కువున్నది. ఇట్లయితే ఆముదానికి బలం రాదు. ముప్పై ఏండ్ల దీపం నా చేతుల మీద కొండెక్కుతదేమో." పాపం, ఆ మాటల్లో నటన లేదు. "నన్ను ఎల్లగొట్టినా మంచిదే. ఇంకెవరికన్న ఇయ్యండి చేను."

స్వామివారు అతన్ని లేవదీసి కూర్చోబెట్టారు. మాట మార్చినట్టు అన్నారు. "రేపు నేను మల్లేపల్లి పోయొస్తా. అరుగు మీద నా గొంగడి ఉంటది. సాయంత్రం దాక అది ఖాళీగ ఉండాలె. ఎవ్వరు కూసోవద్దు. నువ్వు గూడ."

"గంతేనా?" అన్నాడు సోమేశం. చేనితో పోలిస్తే గొంగడి ఎంత.

పొద్దున్నే గొంగడి దులిపి పరిచి, పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మొదట ఒక కోడి వచ్చింది. తోలాడు. పిల్లి వచ్చి గొంగడి నడిమధ్యన చుట్టుకుంది. లేపాడు. మేక వచ్చి అంచు నమలబోయింది. దాంతో కాసేపు కుస్తీ అయింది. ఈలోగా రాజవ్వ వచ్చి మిరపకాయల చాట పెట్టింది.

"తియ్యవ్వా, స్వామివారి గొంగడి."

"స్వామి లేడు కదనయ్యా. ఎండ మంచిగ పడుతున్నది. ఊకెనే ఉన్నది కదా."

మధ్యాహ్నం ఊరి పటేలు రాంచంద్రారెడ్డి వచ్చాడు. భారీ మనిషి. అరుగంతా వదిలి గొంగడి మీదనే కూర్చోబోయాడు. సోమేశం చేతులడ్డం పెట్టాడు.

"పటేలా, అక్కడొద్దు."

"ఎవలన్న వస్తున్నరా?"

"ఎవ్వరు రారు."

"మరి ఖాళీనే కదా."

పటేలును బతిమాలి పక్కకు జరిపేసరికి అటువైపు నుంచి ఒక పిల్లతల్లి చంటిదాన్ని పడుకోబెట్టింది. చంటిదాన్ని ఎత్తిస్తే అది ఏడ్చింది. అది ఏడిస్తే తల్లి తిట్టింది. అన్నం తినలేదు. మంచినీళ్ళు తాగలేదు. పొద్దు వాలేవేళ గొంతు ఆరిపోయి, ఒక్క చెంబు నీళ్ళ కోసం బావి దాకా వెళ్ళి వచ్చాడు. అంతే. గొంగడి మీద పటేలు గుర్రు పెడుతున్నాడు. ఆయన పొట్ట మీద పిల్లి. ఆయన కాళ్ళ దగ్గర మేక.

సరిగ్గా అప్పుడే స్వామివారు వచ్చారు.

సోమేశం కర్ర కింద పారేశాడు. "ఒక్క గొంగడి, స్వామీ. ఊరు ఊరంత దానిమీదనే పడ్డది."

స్వామివారు నవ్వలేదు. సమాధి దగ్గర దీపానికి వత్తులు చేసే ముసలమ్మలు ముగ్గురున్నారు. మర్నాడు పొద్దున వాళ్ళను పిలిచి, పత్తిబుట్టతో సహా ఆ గొంగడి మీద కూర్చోబెట్టారు. "ఇయ్యాల్టి నుంచి మీరు ఈడనే వత్తులు చేయండి." సోమేశంతో అన్నారు, "నువ్వు పోయి గోడకు కూసో. నడుము నొస్తున్నది కదా."

సోమేశం గోడకు ఆనుకున్నాడు. కోడి వచ్చింది, ముసలమ్మల కాళ్ళ చుట్టూ ఒకసారి తిరిగి పోయింది. మేక వచ్చి చూసి, ఇంకోవైపు నడిచింది. రాజవ్వ చాటతో వచ్చి, "ఇంకెక్కడ పెట్టుకోవాలె తల్లీ," అని సణుక్కుంటూ పెరట్లోకి వెళ్ళింది. పటేలు వచ్చాడు, ముగ్గురినీ చూశాడు, తువ్వాలు దులుపుకుని మెట్టు మీద సర్దుకున్నాడు. ముసలమ్మలు తలెత్తనైనా ఎత్తలేదు. వత్తి మీద వత్తి చేస్తూ కోడళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు.

సోమేశం చాలాసేపు చూశాడు. తర్వాత లేచాడు. నడుము నొప్పి మరిచిపోయి వంటింట్లోకి నడిచాడు.

"అవ్వా, అలసందలు ఎన్నున్నయ్?"

"వడలకు పెట్టుకున్న. ఎందుకు?"

"చేలె వేస్త."

"ఆముదంల అలసందలా? నీకు ఎండదెబ్బ తగిలిందా?"

ఆవిడ తిడుతుండగానే కుండ ఎత్తుకుపోయాడు. నాలుగోసారి కలుపు పీకి, ఆ మట్టి ఆరకముందే సాళ్ళ నడుమ అలసందలు వేశాడు. వాన పడింది. ఈసారి వానకు ముందుగా లేచింది అలసందే. తీగలు అటూ ఇటూ పాకి, ఆకు ఆకు కలిపి, నేల కనబడకుండా కప్పేశాయి. యూరియా ఆముదం మొక్క పక్కనే ఉంది. గాలిలోంచి తన బలం తానే తెచ్చుకునే అలసందకు అది అక్కర్లేదు. కలుపుకు అది అందలేదు.

కార్తీకం వెళ్ళడానికి ఇంకా పది రోజులుందనగా మొదటి గెలలు ఎండాయి. రాజవ్వ గింజలు వేయించి, దంచి, ఉడికించి ఆముదం తీసింది. కుండ నిండింది. దీపం తన మానాన తాను వెలుగుతోంది. ఆ పూట సోమేశం కళ్ళొత్తుకోవడం రాజవ్వ చూసి, పొయ్యి పొగ అనుకున్నట్టు ఊరుకుంది.

సాయంత్రం స్వామివారు చేలోకి వచ్చారు. సోమేశం ముందు నడుస్తూ చూపిస్తున్నాడు.

"చూడండి స్వామీ. ఒక్క కలుపు మొక్క ఉంటె నా పేరు మార్చుకుంట."

స్వామివారు వంగి, అలసంద తీగలను వేలితో పక్కకు తీశారు. అడుగున పాలిపోయి, పీలగా, జానెడు వయ్యారిభామ. నెత్తిన ఒకే ఒక్క పువ్వు.

సోమేశం మొహం మాడిపోయింది. పీకడానికి వంగాడు. స్వామివారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ నాయనా. కూసునే చోటు వెతుక్కుంటున్నది. అదే పోతది."