నడి ఏట్లో పుట్టి

తుంగభద్ర ఒడ్డున కరీముల్లా బాబా దగ్గర శిష్యరికం చేసేవాళ్ళలో జమాల్ మంచి అందగాడు. ఉరుసుకు వెళ్తే జనం ఒకసారి చూసి, నాలుగడుగులు పోయి మళ్ళీ తిరిగి చూసేవారు. ఆ సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు.

అలాంటివాణ్ణి గాజులు అమ్ముకునే మాబున్ని అనే పిల్ల కాదంది. దస్తగిరిని చేసుకుంటానంది. దస్తగిరి జనాన్ని పుట్టిలో ఏరు దాటించేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి మొహమంతా గుంటలు, ఒక కంట్లో పువ్వు.

"జమాల్ అందగాడు కాడని నేనన్నానా?" అని పెద్దల ముందు తలెత్తి చెప్పిందట మాబున్ని. "రోజూ ఏరు దాటేదాన్ని. నాకు కావలసినవాడెవరో నాకు తెలుసు."

జమాల్‌కు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగోనాడు గురువు దగ్గర కక్కేశాడు.

"నన్ను కాదని ఆ మొహంలో ఏం చూసింది బాబా? వాడేదో మందు పెట్టుంటాడు."

బాబా చేతికర్ర అందుకున్నాడు. "అవతలి ఒడ్డుకు పోవాలి. పద."

రేవులో ఉన్నది దస్తగిరి పుట్టే. జమాల్ మొహం పక్కకు తిప్పుకునే ఎక్కాడు. వెదురుతో అల్లిన ఆ గుండ్రటి పుట్టిలో ఆరుగురు ఒదిగి కూర్చున్నారు.

నడి ఏట్లోకి వచ్చేసరికి ఎగువ నుంచి ఎర్రనీళ్ళు వచ్చిపడ్డాయి. పుట్టి గిర్రున తిరగసాగింది. ఒక ముసలమ్మ ఏడుపు లంకించుకుంది. ఒకాయన లేచి నిలబడబోయాడు.

"కూర్చో మామా, నేనున్నా కదా," అన్నాడు దస్తగిరి. గొంతు పెంచలేదు. "ఏం అవ్వా, మనవరాలి నిఖాకు పిలుస్తానంటివే. బిర్యానీ పెట్టకుండా తప్పించుకుందామనా?"

ఏడుస్తున్న అవ్వ ఫక్కున నవ్వింది.

"జమాల్ అన్నా, నీకు బలముంది. అవ్వ చేయి గట్టిగా పట్టుకో."

జమాల్ పట్టుకున్నాడు.

దస్తగిరి నీళ్ళకు ఎదురు పోలేదు. వాటి వాలునే సాగనిచ్చి, తెడ్డు పోటు మీద పోటు వేస్తూ ఒడ్డువైపు లాగాడు. మెడ నరాలు తేలాయి గాని మొహంలో నవ్వు చెదరలేదు. రేవుకు అరమైలు దిగువన పుట్టి ఇసుకను తాకింది. దిగుతూ అవ్వ అతని రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది.

బాబా ఒడ్డున కూర్చుని తడిసిన లుంగీ అంచు పిండుకుంటున్నాడు.

"ఎక్కడికి పోవాలి బాబా?" అన్నాడు జమాల్.

"ఇక్కడిదాకే."

జమాల్‌కు అర్థం కాలేదు.

"పుట్టి తిరుగుతున్నంతసేపూ," అన్నాడు బాబా, "నువ్వు ఎవరి మొహం చూస్తూ కూర్చున్నావు?"

జమాల్ తల తిప్పి ఏటి వైపు చూశాడు.

కింద దస్తగిరి ఒక్కడే పుట్టిని గట్టు మీదికి ఈడుస్తున్నాడు. జమాల్ చొక్కా చేతులు పైకి మడిచాడు. నీళ్ళలోకి దిగి రెండో వైపు భుజం పెట్టాడు.