ఆ మబ్బు పేరేమిటి?

ఈశ్వరికి ఒక కెమెరా లెన్స్ కావాలి. దాని ఖరీదు తలచుకుంటే కంటి మీద కునుకు రావడం లేదు. అది లేకపోతే పని ఎట్లా అవుతుందో తలచుకున్నా అంతే. చివరికి చెవికమ్మలు తాకట్టు పెట్టేద్దామని తెగించింది. అయినా ఒక్క మాట గురువు చెవిన వేసి పోదామని పొద్దున్నే బయలుదేరింది.

గురువంటే ఖలందర్ ఉస్తాద్. ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళకూ ఉరుసులకూ వీడియోలు తీసిన మనిషి. ఇప్పుడు పెన్నేటి ఒడ్డున ఉన్న చిన్న దర్గా అరుగు మీద కూర్చుని, పాడైన లెన్సులు విప్పి తుడిచి, మళ్ళీ బిగించి ఇస్తుంటాడు. గాజుకు కూడా బూజు పడుతుందని ఎవరనుకుంటారు? వానాకాలం చెమ్మకు పచ్చడి జాడీకి పట్టినట్టే, లెన్సు లోపలి గాజుకూ సాలెగూడు లాంటి బూజు పట్టేస్తుందట. ఆయన ఒక్కో గాజునూ ఎండకు పట్టి చూసి, చంటిబిడ్డ మొహం తుడిచినట్టు తుడుస్తాడు. ఈశ్వరి ఆయన దగ్గర మొదటి ఏడాదంతా ఆ తుడిచే పనే చేసింది. కెమెరా పట్టడం ఆ తరవాతే నేర్పాడు.

"ఏం పాపా, మొహం అట్ల పెట్టినావు? కెమెరా కింద పడిందా?" అన్నాడు ఉస్తాద్, చేతిలో గాజు దించకుండానే.

"పడలేదు ఉస్తాద్. లెన్స్ కొనల్ల. ఎనభై అయిదు మిల్లీమీటర్లది. మీరు సరే అంటే ఈ పొద్దే పోయి తెస్తా."

"నేను సరే అంటే అంగడోడు ఊరికే ఇచ్చేస్తాడా? అట్లయితే రెండు తెచ్చుకో."

ఈశ్వరికి నవ్వు రాలేదు. సంగతంతా చెప్పుకుంది.

జమ్మలమడుగు నేతగాళ్ళ వీధిలో గుర్రప్ప అని ఒక పెద్దాయన ఉన్నాడు. గుంత మగ్గం. చీర ఒంటికి అడ్డపోగు తోసే నాడె ఒకటి, అంచుకు వేరే నాడె. ఒంటి పోగూ అంచు పోగూ కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసుకోవాలి. ఆ కలిపిన గీత వేలితో తడిమినా తగలకూడదు. ఆ పని తెలిసినవాళ్ళు ఆ వీధిలో ఇంకెవరూ లేరు. పట్నంలో చేనేత ప్రదర్శన పెట్టేవాళ్ళు ఆ నేతను వీడియో తీసి ఇమ్మని ఈశ్వరికి అప్పగించారు. ఆరు రోజులుగా తీస్తూంది. మగ్గం మీద ఇంకా రెండు గజాల నేతే మిగిలింది. ఆ చీర పూర్తయి కోసేస్తే ఇక మగ్గం ఆగిపోతుంది.

"ఆగేదేంటికి? షావుకారు పట్టు ఇయ్యనన్నాడా?"

"అది కాదు ఉస్తాద్. ఈ చీర అయినాంక ఇంక మగ్గం కాడ కూర్చోనని ఆయప్ప పెండ్లాం చెప్పేసిందంట. ఏంటికో చెప్పదు. ఆయప్పకు కోపం. ఇద్దరికీ మాటల్లేవు. నాకుండేది ఆ రెండు గజాలే. ఈ రెండు గజాల్లో నేను తీయలేకపోతే ఆ పని ఇంక ఎవురికీ కనపడదు."

"ఆరు దినాలు తీసింది చూపీ."

ఈశ్వరి కెమెరా వెనక చిన్న తెర తిప్పి ఆయన చేతికిచ్చింది. లోలోపల కొంచెం గర్వమే. అద్దెకు తెచ్చిన యాభై లెన్సుతో తీసింది. గుర్రప్ప వేళ్ళు, నాడె కొస, పోగు మీద మెరిసే పట్టు... అవి మాత్రం కళ్ళకు కట్టినట్టుగా ఉన్నాయి. వెనకాలదంతా పాలమీగడలా కరిగిపోయి ఉంది. చూసిన వాళ్ళంతా అబ్బా అన్నారు. ఎనభై అయిదుతో తీస్తే ఇంకా మెత్తగా కరుగుతుంది.

ఉస్తాద్ తెర వంక ఒక క్షణం చూసి కళ్ళు మూసుకున్నాడు.

"బొమ్మ చూడండి ఉస్తాద్!"

"ఉండు. ఇంటాండా."

కొంతసేపు విన్నాడు. తరవాత కళ్ళు తెరిచి, "ఈడ రెండు నాడెలు ఆడతాండాయి. నాకు కనపడేది ఒకటే," అన్నాడు.

"రెండోది ఆయప్పకు అవతల పక్క ఉండాది. వెనక, మసకలో."

ఉస్తాద్ తెల్లటి గోటితో తెర మీద ఒక చోట తట్టాడు. గుర్రప్ప భుజం వెనక బూడిదరంగు ముద్ద ఒకటి కదులుతూ ఉంది.

"ఈ మబ్బెవురు?"

"ఆయప్ప పెండ్లామే. అంచు నాడె ఆమె వేస్తాది."

"పేరు?"

ఈశ్వరికి తెలియదు. ఆరు రోజులు ఆ ఇంట్లో నీళ్ళు తాగింది, అన్నం తింది. గుర్రప్ప భార్యను పేరు పెట్టి పిలిచే మనిషి కాదు. ఇదిగో అంటాడు, లేకుంటే దగ్గుతాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె పేరు ఈశ్వరి చెవిన పడలేదు. అడగాలని తోచనూ లేదు.

"నేను తీసేది నేత గదా ఉస్తాద్..." అంది నెమ్మదిగా. "లెన్స్ ఇంకా మంచిదయితే..."

"ఇంకా మంచిదయితే మబ్బు ఇంకా చిక్కబడతాది."

ఆ మాట అని ఆయన లేచాడు. లోపలికి పోయి పాత బిస్కెట్ డబ్బా తెచ్చాడు. అందులోంచి నల్లటి పొట్టి లెన్సు ఒకటి తీశాడు. అంచు సొట్ట పోయింది. ఇరవై నాలుగుది, గదంతా ఒక్క చూపులో పట్టేది. ఎవరో బాగు చేయమని ఇచ్చి మళ్ళీ రానే లేదు. అంగట్లో దొరికినా ఈశ్వరి కొనాలనుకున్న దానిలో పదో వంతు చేయదు. ఇప్పటి కెమెరాకు అది నేరుగా పట్టదు కూడా, మధ్యలో ఒక లోహపు ఉంగరం తగిలించాలి.

లెన్సు లోపల రేకుల కన్ను ఒకటి, దాన్ని తెరిచి మూసేందుకు పైన అంకెల చక్రం ఒకటి ఉంటాయి. అదీ ఒక వింతే. ఆ కన్ను బార్లా తెరిస్తే ఒక్కటే కనబడుతుంది, చుట్టూ ఉన్నదంతా కరిగిపోతుంది. కాస్త మూస్తే దగ్గరిదీ దూరందీ అన్నీ కుదురుగా కనబడతాయి. దేవుడు మనిషి కంటికి ఇట్లాంటి చక్రం పెట్టలేదు గానీ, పెట్టి ఉంటే ఎంతమంది ఎట్లా తిప్పుకునేవారో.

ఉస్తాద్ ఆ చక్రాన్ని, కన్ను బాగా మూసుకునే ఎనిమిది అంకె దగ్గరికి తిప్పాడు. మరలు కదలకుండా బిగించడానికి వాడే గోళ్ళరంగు సీసా అందుకుని, చక్రం మీద ఎర్రటి బొట్టు ఒకటి పెట్టాడు. నోటితో ఊది ఆరబెట్టాడు. ఇక ఆ చక్రం తిరగదు.

ఈశ్వరి అదిరిపడింది. "ఉస్తాద్! ఆ గదిలో చీకటి. ఎనిమిది పెడితే ఏమీ కనపడదు."

"వెలుతురు ఎప్పుడొస్తాదో ఆ ఇంటోళ్ళనడుగు."

"ఆయప్ప మాట్లాడేదే తక్కువ."

"ఆయప్పను ఎవురు అడగమన్న్యారు? మబ్బును అడుగు."

ఉస్తాద్ మళ్ళీ గాజు చేతిలోకి తీసుకుని ఎండకు పట్టాడు.

ఈశ్వరి బస్సులో దారి పొడుగునా ఆ లెన్సును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపం కూడా వచ్చింది. రెండు గజాలే మిగిలి ఉంటే ఈ ఆటలేమిటి? తిరిగి పోయి గోళ్ళరంగు గీకేస్తే మాత్రం ఎవరికి తెలుస్తుంది? కానీ గీకలేదు.

ఆమె వెళ్ళేసరికి గుర్రప్ప నడుము దాకా మగ్గం గుంతలో దిగి కూర్చుని ఉన్నాడు. కాళ్ళు కింద పలకలు తొక్కుతున్నాయి. కళ్ళు పోగులు దువ్వే అచ్చు మీదే.

"పెద్దాయనా, ఈ గదిలోకి వెలుతురు ఎప్పుడొస్తాది?"

"నాకేం తెలుసు? ముప్పయ్యారేండ్లుగా నేను జూసేది ఈ మూరెడు బట్టే. అదో, ఆమెనడుగు."

కుడి పక్క పీట మీద కూర్చున్న ఆమె తలెత్తింది. చిన్న మనిషి. జుట్టు తెల్లబడింది, వేళ్ళకు అంచు రంగు అంటుకుని ఉంది.

"పదకొండు దాటినాంక గాజుపెంకులో నుంచి నా పక్కకు దిగుతాది," అంది. "పన్నెండున్నర దాకా ఉంటాది. సన్నపోగు తెగితే నేను ఆ ఎండలోనే అతుక్కునేది. మబ్బు పడితే ఆ పొద్దుకు అంచు నడవదు."

"అమ్మా, నీ పేరేంది?"

"ఏంటికి? ఓట్లు రాస్తాండావా?"

"ఊరికే అడిగినా."

"వరదమ్మ." చెప్పి, తన పేరు తనకే కొత్తగా వినబడినట్టు ఒక నవ్వు నవ్వి, మళ్ళీ నాడె పట్టుకుంది.

పదకొండు దాటింది. ఆమె చెప్పినట్టే వెలుగు దిగింది. పైన పెంకుల మధ్య అరచేతంత గాజు ముక్క. అందులోంచి జారిన ఎండ మొదట వరదమ్మ మోకాలి మీద పడింది, తరవాత చేతుల మీదికి పాకింది, అక్కడి నుంచి మగ్గమంతా పరుచుకుంది. ఈశ్వరి గోడకు వీపు ఆనించి కూర్చుని తెర వంక చూసింది. ఎనిమిదడుగుల గది. ఆ సొట్ట లెన్సులో గుంతా, మగ్గమూ, ఇద్దరు మనుషులూ, నాలుగు చేతులూ పట్టాయి. ఏదీ కరగలేదు. దగ్గరికి జరిగి జానెడు దూరంలో పెడితే అదే గాజు పోగులో పోగు మెలిక పడటమూ చూపించింది.

మూడు రోజులు అట్లాగే కూర్చుంది. వెలుగు ఉన్నంతసేపు తీసింది. లేనప్పుడు కెమెరా పక్కన పెట్టి వరదమ్మకు నాడెలో పెట్టే పోగుల కండెలు చుట్టి ఇచ్చింది. మొగుడూ పెళ్ళాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నాడెలు మాత్రం మాట్లాడుకున్నాయి. అతనిది పోతుంది, ఆమెది వస్తుంది. నడుమ ఎప్పుడైనా ఒక్కోసారి రెండూ ఆగుతాయి, మళ్ళీ సాగుతాయి.

మూడో రోజు మధ్యాహ్నానికి నేత అయిపోయింది. గుర్రప్ప చీర కోసి మడత పెట్టాడు. మగ్గం మీద మిగిలిన పోగులు ఊరికే వేలాడుతున్నాయి. ఆయన చాలాసేపు వాటి వంకే చూసి, "సరే. ఆమె కోరిక తీరె," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ఈశ్వరి కెమెరా తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టి, "మీది మీరు చూసుకోండి పెద్దాయనా," అంది.

గుర్రప్ప గుంత గట్టున కూర్చుని చూశాడు. కళ్ళు చిట్లించాడు.

"ఇదెవురి చెయ్యి?"

"నాదే," అంది వరదమ్మ అక్కడి నుంచే.

"ఇట్ల తిరుగుతాదా?"

"ఎట్ల తిరుగుతాదనుకున్న్యావు?"

నేసేవాడు పక్కకు చూస్తే మెలిక తప్పుతుంది. కళ్ళు అచ్చు మీదే ఉంచమని గుర్రప్పకు చిన్నప్పుడు వాళ్ళ నాయన నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. ఆయన ఏనాడూ పక్కకు చూడలేదు.

తెరలో నేత సాగుతూ ఉంది. ఉన్నట్టుండి గుర్రప్ప చెయ్యి ఆగిపోయింది. నాడె చేతిలోనే ఉంది, కళ్ళు బట్ట మీదే ఉన్నాయి. పక్కన వరదమ్మ తన నాడె ఒళ్ళో వదిలేసింది. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుంది. గాజుపెంకు ఎండ ఆమె మొహం మీద పడుతూ ఉంది. కొంతసేపటికి చెయ్యి దించి నాడె అందుకుంది. అప్పుడు ఆయన నాడె కదిలింది.

గుర్రప్ప తెర దగ్గరికి ఇంకా వంగాడు.

"నీ పక్క చప్పుడు రాకపోతే, కండె మారుస్తాండావు గాబోలు అనుకుంటి," అన్నాడు.

"కండె మార్చేదానికి అంతసేపు పడతాదా?"

"మరి చెప్పొద్దా?"

"చెప్తే చీర ఆగిపోదూ?"

"ఎన్నాళ్ళాయ?"

వరదమ్మ ఎడమ భుజం నిమురుకుంటూ, "పోయిన ఉగాది కాన్నుంచి," అంది.

వీధిలో ఎవరో సైకిల్ మీద పోతూ గంట కొట్టారు. గుర్రప్ప తల ఎత్తకుండానే కెమెరా ఈశ్వరి వైపు చాపాడు.

"పాపా, మల్లా ఒకసారి తిప్పు."

ఈశ్వరి తిప్పి ఇచ్చింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఎక్కడ నొక్కాలో ఈసారి ఆయన వేలికే చూపించింది. వరదమ్మ పీట మీద నుంచి లేచి వచ్చి గట్టున ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరి తలలూ ఆ చిన్న తెర మీదికి వంగాయి. ఈశ్వరి చప్పుడు కాకుండా లేచి చెప్పులేసుకుంది.

మర్నాడు పొద్దున్నే దర్గా దగ్గరికి పోయింది. ఉస్తాద్ చెయ్యి చాపాడు.

"ఏదీ నా లెన్సు?"

"కెమెరాకే ఉండాది ఉస్తాద్."

"కెమెరా యాడ?"

"వాళ్ళింట్లోనే వదిలి వచ్చినా. ఇంకా చూస్తాండారు."

ఉస్తాద్ చేతిలో ఉన్న గాజును గుడ్డ మీద పెట్టి, అరుగు మీద కొంచెం పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చాడు.