ఓబులమ్మ నీలిగీత

అనగనగా, ఎన్ని తరాల కిందటో ఎవరూ చెప్పలేరు గానీ, ఒక ఊళ్ళో ఓబులమ్మ ఉండేది. నూలుగుడ్డలకు నీలిరంగు అద్దడం ఆమె పని. మోచేతుల దాకా నీలమే.

ఒకనాడు ఆమె నడుము మీద ఎర్రటి పొడ లేచింది. ఒకటే దురద. పసరు వైద్యుడు సాంబయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన అరుగు దిగలేదు. తామరే అన్నాడు, ఆకు పసరిచ్చాడు, వంకాయ మానెయ్ అన్నాడు. పొడ తగ్గింది, మళ్ళీ వచ్చింది.

రెండోసారి వెళ్ళింది. ఆయన అరుగు దిగలేదు. తామరే అన్నాడు, గంధకం నూనె ఇచ్చాడు, వంకాయ మానెయ్ అన్నాడు. పొడ తగ్గింది, ఇంకో రెండింటిని వెంటేసుకుని మళ్ళీ వచ్చింది. ఊరంతా అదే పాట. నీళ్ళకొచ్చినవాళ్ళూ తామరే, మజ్జిగకొచ్చినవాళ్ళూ తామరే అన్నారు. అలా ఏడేళ్ళు. వంకాయ రుచి కూడా మర్చిపోయింది పాపం.

చివరికి ఓబులమ్మకు చిర్రెత్తుకొచ్చింది. అద్దకంలో ఒక పద్ధతి ఉంది. గుడ్డ మీది మరక మూడు ఉతుకులకు పోకపోతే, అది పైన అంటినది కాదని, నూలులోనే ఉందని తేల్చేస్తారు. తన ఒంటికీ అదే పద్ధతి పెట్టింది. ప్రతి పొడ చుట్టూ నీలిగీత గీసింది. చెరిగినప్పుడల్లా అక్కడే మళ్ళీ దిద్దింది. మూడు ఉతుకులకు బదులు మూడు అమావాస్యలు ఆగింది. పొడలు గీత దాటాయి. ఒకటి గడ్డ కట్టింది.

మూడోసారి వెళ్ళింది. సాంబయ్య వంకాయ మాట ఎత్తబోయాడు.

"ఏడేండ్లు నీ మాట విన్నా సామీ. ఒక్కసారి దిగొచ్చి సూడు. గీత యాడుందో సూడు, మచ్చ యాడుందో సూడు."

సాంబయ్య దిగాడు. చాలాసేపు చూశాడు.

"ఇది తామర కాదు ఓబులమ్మా. ఏందో నాకు తెలీదు."

ఆ ఒక్క మాట మొదటిరోజే అని ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఆమె ఇంకో వైద్యుణ్ణి వెతుక్కునేది కదా! అప్పటికే జబ్బు ముదిరిపోయింది, ఆ తర్వాతి వానలు ఓబులమ్మ చూడలేదు. పోయేముందు మాత్రం వంకాయ కూర వండించుకుని కడుపునిండా తిన్నది.

సాంబయ్య సిగ్గుపడి, వచ్చినవాళ్ళ మచ్చల చుట్టూ గీత గీయడానికి బతికినన్నాళ్ళూ అరుగు మీద నీలిమందు గిన్నె పెట్టుకున్నాడు. ఆ వైపు ఊళ్ళలో ఇప్పటికీ మానని మచ్చ చుట్టూ నీలిగీత గీస్తారు. గీత దాటితే ఇక ఆగరు, పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. అక్కడ ఏ డాక్టరైనా కుర్చీలోంచి లేవకుండా తామరే అన్నాడా, వెంట వచ్చిన ముసలమ్మ ఊరుకోదు.

"ముందు అరుగు దిగి సూడు నాయనా," అంటుంది.