కాటుక చేపలేదు

అనగనగా అంటాను, ఊఁ కొట్టండి మరి. విరజాపురంలో రాజుగారి పశువులశాల ఉండేది. అందులో కాటుక అనే గేదె. రంగు పేరుకు తగ్గట్టే ఉండేది, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

ఒకనాడు మాణిక్యగుప్తుడనే వర్తకుడు ఉప్పుపొడి మూటలు దింపించాడు. కుడితిలో గుప్పెడు కలిపితే చాలు, పాలు పొంగిపొర్లుతాయన్నాడు. అన్నట్టే పాలు పెరిగాయి. రాజు జయకేతుడు మురిసిపోయాడు. పాలెక్కువైతే ఎవరికి చేదు?

కాటుక దూడకు చేదైంది. కాళ్లు వణికి కూలబడిపోయింది. అదింకా గడ్డి ముట్టని పసికూన, తల్లి పాలే దాని తిండి. అంటే రోగం కాటుక పొదుగులోంచే వస్తోంది, పొదుగులోకి తొట్టిలోంచి వస్తోంది. ఆ సంగతి తెలిసి కాటుకకు ఒళ్లు మండిపోయింది.

మొదట కుడితి తొట్టిని ఒక్క తన్ను తన్నింది. పాలు పితికే సింగమ్మ తిట్టుకుంటూ మళ్లీ నింపింది. కాటుక మూతి పెట్టలేదు.

తర్వాత పాలు బిగబట్టింది. దూడ మూతి తగిలితే గేదె చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దింపుతుంది. సింగమ్మ దూడను ఎత్తుకొచ్చి ఆనించింది. ఏ తల్లికైనా ప్రాణం ఆగుతుందా? కాటుక కళ్లు మూసుకుని ఆపుకుంది. ఒక్క చుక్క దిగలేదు.

అంతలో యువరాజు అన్నప్రాశన వచ్చింది. పాయసానికి కాటుక పాలే పోయడం ఆ కోట ఆచారం. రాజే శాలకు వచ్చాడు. వెనకే మనవణ్ణి చంకనేసుకుని వచ్చిన వర్తకుడు, ఈ పొగరుబోతు గొడ్డును సంతకు తోలేయమన్నాడు.

కాటుక తలెత్తింది. "చేపుతాను ప్రభూ. మొదటి చెంబు ఈయనగారి మనవడికి తాగించండి" అంది.

వర్తకుడి మొహం పాలిపోయింది. తన మనవడికి ఇంటి ఆవు పాలే అలవాటని నసిగాడు. ఆ ఆవుకూ ఈ పొడే పెడుతున్నావా అని రాజు అడిగాడు. గద్దించేసరికి వర్తకుడు నిజం కక్కాడు. అంతా మంచి ఉప్పే పోస్తే గిట్టదని, రాగి కరిగించే కొలిమి దగ్గర పారేసిన విషపు మడ్డి నూరి కలిపాడట!

రాజు అతణ్ణి చెరసాలకు పంపి, కాటుక మెడ నిమిరాడు. ముహూర్తం దాటిపోతోంది, ఇక చేపు తల్లీ అన్నాడు.

"చేపను ప్రభూ. ఆ విషం ఇంకా నా ఒంట్లోనే ఉంది. నా బిడ్డను కూలదోసిన పాలు మీ బిడ్డకు ఎలా పోస్తాను? కొరడా తెప్పించినా ఇదే మాట."

రాజు కాసేపు తొట్టి వంక, కూలబడ్డ దూడ వంక చూశాడు. చూసి తల వంచాడు.

ఆ రోజు యువరాజు తిన్నది కొబ్బరిపాల పాయసం. కాటుక ఒళ్లు శుభ్రపడేదాకా దాని పాలు గోతిలో పోయించారు. దూడకు సింగమ్మ గంజి పట్టింది. అది నిలబడటానికి చాలా కాలం పట్టింది, కానీ నిలబడింది.

అందుకే పిల్లలూ, పశువు తొట్టిలో వేసిందే మన గిన్నెలోకి వస్తుంది. అక్కడ కల్తీ జరిగిందని తెలిశాక, అడిగేది రాజైనా సరే, కాదని తీరాలి.