మామయ్య రాసుకున్న అత్తరు

కర్నూలులో అహల్య అనే అమ్మాయి ఉండేది. తెలివైనదే గానీ, దేన్నైనా క్షణంలో తేల్చేసి, ఇక అందులో చూడవలసింది ఏమీ లేదనుకునేది.

ఒకరోజు మేనత్త సుగుణమ్మ ఆమెను అత్తరు కొట్టుకు తోడు తీసుకెళ్లింది. బస్సు కండక్టరుగా పనిచేసిన సుగుణమ్మ భర్త పోయి చాలా ఏళ్లైంది.

"ఈమధ్య ఆయన మాటలు కూడా గుర్తు రావడం లేదే. ఆయన ఎప్పుడూ ఆ కొట్టు అత్తరే రాసుకునేవాడు, ఆ వాసన ఒక్కటే మిగిలింది. అదీ మరిచిపోకముందే ఒక సీసా కొని దగ్గర పెట్టుకోవాలి. సంపెంగ అత్తరు. నాకు బాగా తెలుసు," అంది దారిలో.

కొట్టు యజమాని కాదర్ సాబు సంపెంగ సీసా మూత తీశాడు. సుగుణమ్మ వాసన చూసి మొహం చిట్లించింది.

"ఇది కాదయ్యా!"

"మా కొట్లో మొదట్నుంచీ పూల అత్తర్లు రెండేనమ్మా. సంపెంగ, మొగలి," అంటూ అతను రెండో సీసా చూపించాడు.

"ఇదీ కాదు... ఏమో మరి!"

"సంపెంగ కాదని నువ్వే అన్నావు కదత్తా! ఇక మిగిలింది మొగలే. నువ్వు మరిచిపోయావు, అంతే," అంది అహల్య. మొగలి సీసా కొనిపించేసింది.

ఆనాటి నుంచి సుగుణమ్మ తీరు మారిపోయింది. ఉప్పు వేసి కూడా "వేశానా?" అని అడిగేది. మామయ్య కబుర్లు చెప్పమంటే, "మతిమరుపు మనిషిని, నా మాటేం నమ్ముతావులే," అని లేచిపోయేది.

అహల్య మనసు చివుక్కుమంది. అంత గట్టిగా సంపెంగ అన్న మనిషి అలా ఎలా పొరబడింది? ఆమెకు మొదటిసారి సందేహం వచ్చింది.

"అత్తా, మామయ్య అత్తరు ఎప్పుడు రాసుకునేవాడు?"

"పొద్దున డ్యూటీకి పోతూ ఆ కొట్టు దగ్గరే రాయించుకునేవాడు. సీసా ఇంటికి తెస్తే నేను ఒక్కరోజులో ఖాళీ చేస్తానని భయం!"

"మరి నువ్వు వాసన చూసింది?"

"సాయంత్రం ఇంటికొచ్చాకే కదే..." అంటూ సుగుణమ్మ ఆగిపోయింది.

"అంటే నీకు తెలిసింది సీసాలో వాసన కాదు, పొద్దంతా ఒంటి మీద ఉన్నాక మిగిలిన వాసన!" అంది అహల్య.

మర్నాడు పొద్దున మళ్లీ కొట్టుకు వెళ్లారు. ఒక చేతికి సంపెంగ, ఇంకో చేతికి మొగలి రాయించుకుని సుగుణమ్మ ఇంటికొచ్చింది. అహల్య పని మానుకుని మరీ ఆ చేతుల చుట్టూ తిరిగింది. ఎండ ఎక్కేకొద్దీ సంపెంగ ఘాటు తగ్గింది. చెమటలో కలిసి మెల్లగా తియ్యటి వాసనగా మారింది. మొగలి మాత్రం పలచబడిపోయింది.

పొద్దు వాలాక సుగుణమ్మ సంపెంగ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు.

"ఇదే! ఇదేనే పిల్లా!"

"నువ్వేం మరిచిపోలేదత్తా. నేనే తొందరపడి తప్పు నీ మీద వేశాను," అంది అహల్య.

"నేను మాత్రం? నా ముక్కును వదిలేసి నీ నోటిని నమ్మాను!" అని సుగుణమ్మ పకపకా నవ్వింది.

ఎదుటివారి జ్ఞాపకం తప్పని తేల్చే ముందు, మనం పెట్టిన పరీక్ష సరైనదేనా అని ఓపిగ్గా చూసుకోవాలి.