పోతుల ముచ్చటకు నాలుగు వందల గాడిదలు

పొట్టేలు చుక్కయ్య పాడ్‌కాస్టు మొదలుపెట్టిన నాటికి వాడి మూలధనం పదకొండు మంది శ్రోతలు. అందులో ముగ్గురు సొంత తమ్ముళ్ళు. ఒకడు తనే.

కొండ కింద దొడ్డిలో ప్రతి జీవానికీ మెడలో గంటతో పాటు ఒక ఫోను కూడా వేలాడుతుండేది. ముక్కుతో నొక్కడం, నాలుకతో జరపడం అందరికీ అలవాటే. కానీ ఆ ఫోన్లలో పోతులు మాట్లాడుకునేది మేత ధర, వాన రాక, ఎవడి కొమ్ములు పెద్దవన్న గొడవ. మెడ మీద పుండు పడిన ఎద్దు ఆ సంగతి చెప్పదు. పందెం మాట వింటే కాళ్ళు వణికే పుంజు ఆ వణుకు చూపించదు. మగజీవం అన్నాక ఓర్చుకోవాలి అంటారు. ఆ ఓర్పు కింద దాచిన మాటలకు ఒక చోటు ఉండాలని చుక్కయ్య పట్టుదల. అలా పుట్టింది ‘పోతుల ముచ్చట’.

మొదటి అతిథి ముసలి ఎద్దు పుల్లయ్య. మధ్యాహ్నం నీడన నెమరు వేస్తూ ఉండగా రికార్డింగు.

“పెదనాన్నా, బండి లాగడం మానేశాక నీకెలా ఉంది?”

“ఎలా ఉంటుందిరా? పొద్దున లేవగానే మెడ కాడి కోసం చూస్తుంది. కాడి రాదు. నేను పనికిరానని అప్పుడు గుర్తొస్తుంది.”

చుక్కయ్యకి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మాట ఊరంతా వినాలి అనుకున్నాడు. వెంటనే కనబడిన గ్రూపులన్నింట్లోకీ దూరి లింకు అంటించాడు. దున్నపోతుల గ్రూపు వాడిని అడుగు పెట్టిన నిమిషంలోనే బయటికి తోసింది.

“ముక్కూ మొహం తెలీనోడివి. వచ్చీ రాగానే నీ డప్పు నువ్వే కొట్టుకుంటావా?” అన్నాడు ఆ గ్రూపు పెద్ద. “పైగా విన్నాం లేరా నీ పాడ్‌కాస్టు. మాట తక్కువ, నమిలే చప్పుడు ఎక్కువ. గడ్డివాములో ఫోను పారేసుకున్నట్టుంది.”

చుక్కయ్య ఉడుక్కుంటూ పుల్లయ్య దగ్గరికి వెళ్ళాడు.

“తిట్టాడని ఏడుస్తావేం? ఉచితంగా సలహా ఇచ్చాడు” అన్నాడు పుల్లయ్య. “ఈసారి నా నెమరు అయ్యాకే రికార్డు చెయ్యి. ఇంకో మాట. పెళ్ళికి వెళ్ళినవాడు ముందు పందిట్లో కూర్చోవాలి. వెళ్ళగానే మైకు లాక్కుంటే ఎవరైనా గెంటుతారు.”

చుక్కయ్య విన్నాడు. బండెడ్ల గ్రూపులో చేరి కొన్నాళ్ళు ఊరికే కూర్చున్నాడు. ఒకడు కాడి రాపిడికి మందు అడిగితే, పుల్లయ్యని కనుక్కుని చెప్పాడు. ఇంకొకడు నిద్ర పట్టడం లేదంటే, వాడి బాధ మొత్తం విన్నాడు. చివరికి వాళ్ళే అడిగారు, “నువ్వేదో ముచ్చట్లు పెడుతుంటావంట కదా, ఏదీ?” అని. పదకొండు ఇరవై అయింది, ఇరవై నలభై అయింది. ఏ ఎపిసోడు ఎక్కడ విసుగు పుట్టిస్తోందో వాళ్ళే చెప్పేవారు. వాడు దిద్దుకునేవాడు. మరీ గుట్టు మాటలు చెప్పుకోవడానికి లోపలి గ్రూపు ఒకటి విడిగా పెట్టాడు. తెలిసినవాళ్ళకే అందులో చోటు, అక్కడి ఎపిసోడ్లు బయటికి పోవు.

ఆ లోపలి గ్రూపులోనే ఒకరోజు కాపలా కుక్క వీరన్న నోరు విప్పాడు. “వానాకాలం చీము పట్టిన దగ్గర్నుంచి నా ఎడమ చెవి వినిపించడం లేదు. యజమానికి తెలిస్తే వేరే కుక్కని తెస్తాడు. ఎవరికీ చెప్పలేక, ఒంటరిగా ఆ పక్కకి తల తిప్పి తిప్పి మెడ పడిపోతోంది.” అది విని ఎవరూ నవ్వలేదు. అంతా ఆ గుట్టు కడుపులో పెట్టుకున్నారు.

అయితే చుక్కయ్యకి లెక్కల పిచ్చి. ఈ నడకన వెయ్యి మంది అవ్వాలంటే ఎన్నేళ్ళు పడుతుందో గుణించుకుని నీరసపడ్డాడు. సరిగ్గా అప్పుడే కంచె అవతల నుంచి ఒక తియ్యటి గొంతు వినిపించింది.

“అల్లుడూ! నీ ముచ్చట్లు వింటుంటే కడుపు నిండిపోతోందయ్యా.”

నక్క జంబులింగం. చుక్కయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

“భయపడకు. నేనిప్పుడు కూరగాయల మీదే బతుకుతున్నా” అంది నక్క. “నీకు శ్రోతలు కావాలి. నా చేతిలో గాడిదల మహాసంఘం ఉంది. నాలుగు వందల మంది. పాపం, ఎవరూ పలకరించని జాతి. నీలాంటివాడి కోసమే ఎదురుచూస్తున్నారు.”

“నాలుగు వందలే!” చుక్కయ్య చెవులు నిలబడ్డాయి. నలభై, నాలుగు వందలు, మొత్తం నాలుగు వందల నలభై. పదకొండింతలు!

“ఒక్కటే కోరిక. వాళ్ళని బయట నిలబెట్టకు, లోపలి గ్రూపులో చేర్చుకో. గాడిదలకీ మనసు ఉంటుంది కదా.”

“పెదనాన్నని ఒకసారి అడిగి...”

“ముసలాళ్ళని అడిగితే ముహూర్తాలు పెడతారు. ఆలస్యం అమృతం విషం. రేపటికి ఈ నాలుగు వందలూ ఇంకెవడి పాడ్‌కాస్టుకో పోతారు మరి!”

చుక్కయ్య ముక్కు వాడికి తెలియకుండానే ‘చేర్చుకో’ మీద పడింది.

మర్నాడు కామెంట్లు వరద కట్టాయి. చుక్కయ్య ఎగిరి గంతేసి, దొడ్డిలో ఉన్న ఏకైక గాడిద గంగులు దగ్గరికి పరుగెత్తాడు.

“బాబాయ్! మీవాళ్ళు ఎంత బాగా రాశారో చూడు. ‘కడుపారా నెమరు వేస్తూ విన్నాం.’ ఇంకొకడు, ‘రాత్రి మేసింది నెమరు వేసుకుంటూ మళ్ళీ మళ్ళీ విన్నాం.’ ఇదిగో ఇతను...”

గంగులు పళ్ళన్నీ బయటపెట్టి ఓండ్ర పెట్టాడు. నవ్వాగలేదు.

“ఏంటి బాబాయ్! గాడిదకేం తెలుసు గంధం వాసన అన్నట్టు, మీవాళ్ళ మెచ్చుకోలు నీకే పట్టదా?”

“గంధం సంగతి నాకు తెలీదు గానీ నెమరు సంగతి తెలుసు అబ్బాయ్. నెమరు మీరు వేస్తారు, ఎద్దులు వేస్తాయి, మేకలు వేస్తాయి. గాడిదలు వెయ్యవు. మింగింది మింగినట్టే, మళ్ళీ నోట్లోకి రాదు. మా తాతల కాలం నుంచీ అంతే.”

“మరి వీళ్ళు?”

“గడ్డి తినేవాళ్ళంతా నెమరు వేస్తారని అనుకునేవాడెవడో ఆలోచించు. జన్మలో గడ్డి తిననివాడు.”

చుక్కయ్య నోట్లో గడ్డి చేదెక్కింది. ఫోనులో లెక్కలు తెరిచాడు. నాలుగు వందల మందీ విన్నది ఒకే ఒక్క ఎపిసోడు, వీరన్నది. అందులోనూ ఒకే ఒక్క చోటు. ‘ఎడమ చెవి’ అన్న దగ్గర ఆగి, వెనక్కి జరిపి, మళ్ళీ విన్నారు. ఇందాకటిదాకా అంకెల్ని చూసి పొంగిపోయినవాడికి ఇప్పుడు అవే అంకెలు కోరలు చూపించాయి. వీరన్న ఎడమ పక్కనే కోళ్ళ గూడు. దాని వెనకే పాలు మరవని గొర్రెపిల్లలు. పందొమ్మిది మంది.

వాడు నేరుగా వీరన్న ముందుకి వెళ్ళి తల దించుకున్నాడు.

“మావా, ఆ నాలుగు వందల గాడిదలూ ఒక్క నక్కే. నీ గుట్టు దాని చెవిన పడింది. నా మూలంగానే. కరువు, కరిచెయ్యి నన్ను.”

వీరన్న కుడి చెవి వాడి వైపు తిప్పాడు.

“నిన్ను కరిస్తే నా చెవి వినిపిస్తుందా?” అన్నాడు. “ఆ మాట చెప్పుకున్న రోజు ఎన్నాళ్ళకో కంటి నిండా నిద్రపోయానురా. అది చాలు. ఇప్పుడు పిల్లల సంగతి చూడు.”

“ఆ నాలుగు వందల్నీ ఇప్పుడే తీసేస్తాను!”

“ఆగు” అన్నాడు వెనకే వచ్చిన పుల్లయ్య. “తీసేస్తే గ్రూపులోంచి పోతుంది, నక్క బుర్రలోంచి పోదు. అది ఎలాగూ వస్తుంది. ఎప్పుడు రావాలో మనం చెబుదాం.”

“అంటే, దొంగ ఎపిసోడు పెట్టాలా? మన ముచ్చటలో అబద్ధం ఆడితే రేపు ఎవరు నమ్ముతారు పెదనాన్నా?”

“అబద్ధం ఎందుకు? నిజమే చెప్పు. కొంచెం చెప్పు.”

ఆ పూటే వీరన్న లోపలి గ్రూపులో మాట్లాడాడు. “అలసిపోయాను అన్నల్లారా. రేపు మిట్టమధ్యాహ్నం అందరూ నెమరు వేసే వేళకి నేను కూడా తూర్పుకి తిరిగి కాసేపు పడుకుంటాను.” అంతే. ఒక్క అక్షరం అబద్ధం లేదు. తూర్పుకి తిరిగి పడుకుంటే చెవిటి చెవి ఉత్తరానికి వస్తుందని లెక్క కట్టుకోవడం నక్క పని.

మర్నాడు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. వీరన్న చెప్పినట్టే తూర్పుకి తిరిగి పడుకున్నాడు. ఎద్దులు నెమరు వేస్తున్నాయి. ఉత్తరం కంచె దగ్గర ముళ్ళకంప మెల్లగా కదిలింది. జంబులింగం మూతి లోపలికి వచ్చింది, తర్వాత మెడ, తర్వాత నడుం. గొర్రెపిల్లల వాసనకి దాని నోరు ఊరింది. కోళ్ళ గూటి పక్కన బూడిద రంగు గోనెల కుప్ప ఉంటే, దాని వెనక నక్కింది.

గోనెల కుప్ప తోక ఊపింది.

“ఎవరది?” అంది నక్క గతుక్కుమని.

“నాలుగు వందల ఒకటోవాణ్ణి” అన్నాడు గంగులు. “మహాసంఘం పెద్దలు వచ్చారని దర్శనానికి నిలబడ్డాను.”

“ఆహా, గంగులు గారా! మీ జాతి కోసం నేనెంత...”

“మా జాతికి నెమరు నేర్పావుగా, గురుదక్షిణ తీసుకో!”

రెండు వెనక కాళ్ళూ ఒక్కసారి లేచాయి. నక్క గాలిలో ఒక పల్టీ కొట్టి, వచ్చిన ముళ్ళకంప మీదే వెల్లకిలా పడింది. ఆ చప్పుడు వీరన్న కుడి చెవికి బాగానే వినిపించింది. వాడు లేచి ఒక్క అరుపు అరిచేసరికి జంబులింగం సగం తోక బొచ్చు ముళ్ళకి వదిలి, కొండ వైపు మూడు కాళ్ళ మీద పరుగెత్తింది.

కాసేపటికి చుక్కయ్య మెడలో ఫోను మోగడం మొదలుపెట్టింది. ‘ఒక గాడిద గ్రూపు విడిచి వెళ్ళింది.’ ‘ఒక గాడిద గ్రూపు విడిచి వెళ్ళింది.’ ఆగకుండా మోగుతూనే ఉంది.

“చూశావా” అన్నాడు పుల్లయ్య, “తన్ను ఒక్కటే, కుంటుతున్నది మాత్రం నాలుగు వందల మంది!”

దొడ్డి దొడ్డంతా నవ్వింది. చుక్కయ్య మాత్రం ముందు గొర్రెపిల్లల్ని లెక్కపెట్టాడు. పందొమ్మిదీ ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు. ఉన్నాయి. అప్పుడు ఉన్నచోటే చతికిలబడ్డాడు.

గంగులు వెళ్ళి వీరన్న ఎడమ పక్కన నిలబడ్డాడు.

“ఇక నుంచి నువ్వు మెడ తిప్పుకోనక్కర్లేదు. ఈ పక్క నాది. ఎలాగూ నిలబడే కునుకు తీస్తాను.”

వీరన్న తల కాళ్ళ మీద వాల్చి, రెండు కళ్ళూ మూసుకున్నాడు.

గ్రూపులో మళ్ళీ నలభై మందే మిగిలారు. నలభై మందీ నిజం. జరిగిందంతా చుక్కయ్య వాళ్ళకి దాచకుండా చెప్పాడు. నలుగురు చీవాట్లు పెట్టారు, మిగతావాళ్ళు జాగ్రత్తలు చెప్పారు. ఒక్కడూ వెళ్ళిపోలేదు. సాయంత్రం వాగు అవతలి మేకపోతుల గ్రూపు నుంచి కబురు వచ్చింది. “ఏవయ్యా పొట్టేలా, గాడిద తన్నిన కథ ఇక్కడి దాకా వచ్చింది. మా గ్రూపుకి రా, నీ లింకేదో పడెయ్యి.”

చుక్కయ్య ముక్కు లింకు దాకా వెళ్ళి ఆగింది. లింకు పక్కన పెట్టి, ‘నేను చుక్కయ్యని, కొండ కింద దొడ్డి. మీరు మాట్లాడుకోండి, ముందు కొన్నాళ్ళు వింటాను’ అని రాసి, పంపడానికి మూతి వంచాడు.

తలలు లెక్కపెట్టే ముందు తోక ఎవరిదో చూసుకోవాలి.